పాత గోడకు కొత్త పొరుగు

రెండు వందల ఏళ్ల నాటి ఇటుక గోడ ఒకటి అడుగున చెమ్మ పట్టి పెచ్చులు ఊడుతోందనుకుందాం. యజమాని మేస్త్రీని పిలిపించి, పాత సున్నపు పూతను గీకించి, గట్టిగా నిలుస్తుందన్న నమ్మకంతో సిమెంటు పూత వేయిస్తాడు. ఏడాది పాటు గోడ చూడముచ్చటగా ఉంటుంది. రెండో వానాకాలానికి చెమ్మ మోకాలి ఎత్తు నుంచి ఛాతీ ఎత్తుకు పాకుతుంది. మరికొన్నేళ్లకు సిమెంటు పలకలు పలకలుగా ఊడి పడుతుంది. పడుతూ ఇటుకల పైపొరను కూడా పెకలించుకుపోతుంది. మరమ్మతు చేయకుండా వదిలేసినా గోడకు ఇంత నష్టం జరిగేది కాదు.

కారణం గోడ కట్టిన తీరులోనే ఉంది. పాత గోడల్లో నేల చెమ్మను అడ్డుకునే పొర ఉండదు. నీరు పునాది నుంచి పైకి లేస్తుంది, అతుకుల్లోని సున్నం గుండా, పూత గుండా బయటికి ఆవిరైపోతుంది. సున్నంలో కంటికి కనిపించని రంధ్రాలు అసంఖ్యాకం. గోడ ఊపిరి పీల్చేది వాటిలోంచే. సిమెంటు పూత ఈ దారిని చాలావరకు మూసేస్తుంది. బయటపడే చోటు కోసం నీరు ఇంకా పైకి పాకుతుంది. దానితోపాటు వచ్చిన లవణాలు పూత వెనక స్ఫటికాలుగా పేరుకుని ఇటుకను లోపలి నుంచి తోస్తాయి. పైగా పాత గోడ నిశ్చలంగా ఉండదు. ఎండకు వ్యాకోచిస్తుంది, చలికి ముడుచుకుంటుంది, నేలతోపాటు కాస్త కుంగుతుంది. మెత్తని సున్నం ఆ కదలికను వెంట్రుకవాసి పగుళ్లుగా పంచుకుంటుంది. వాన నీటిలో కాస్త కరిగిన సున్నమే ఆ పగుళ్లలో మళ్లీ గట్టిపడి వాటిని పూడ్చుకుంటుంది. సిమెంటుకు ఆ ఓర్పు లేదు. ఒకే చోట పెద్దగా పగులుతుంది, ఆ పగులులోంచి నీరు లోపలికి దిగుతుంది, వెనక్కి వచ్చే దారి ఉండదు.

అందుకే పాత కట్టడాలతో పనిచేసేవారు ఒక సూత్రాన్ని వదలరు: అతుకు ఎప్పుడూ ఇటుక కంటే, రాయి కంటే బలహీనంగా ఉండాలి. అరిగేది అతుకే కావాలి, ఎందుకంటే దాన్ని మళ్లీ నింపుకోవచ్చు. ఇటుక ముఖం పోతే తిరిగి రాదు. గట్టిదనమే మేలన్న లోకజ్ఞానం ఇక్కడ తలకిందులవుతుంది. ఢిల్లీలోని హుమాయూన్ సమాధి మరమ్మతుల్లో పైకప్పు మీద నుంచి దాదాపు పది లక్షల కిలోల కాంక్రీటును తొలగించాల్సి వచ్చింది. అదంతా ఇరవయ్యో శతాబ్దంలో, నీరు కారకుండా ఆపాలన్న మంచి ఉద్దేశంతోనే, పొర మీద పొరగా వేసింది. కొత్త కట్టడానికి సిమెంటు మంచి సామగ్రే. అలవాటు లేని శరీరంలోకి ఎక్కించిన మందులా పాత గోడలో అది వికటిస్తుంది.

ఈ గోడ కథలో ఉన్న పాఠం వారసత్వ కట్టడాల చర్చ అంతటికీ వర్తిస్తుంది. కట్టడం ఎలా కనిపిస్తోందన్న ప్రశ్న చుట్టూనే వాదాలన్నీ తిరుగుతాయి. దాని బాగోగులను తేల్చేది మాత్రం అది ఎలా నడుచుకుంటోందన్నది. పాత గోడ మరమ్మతులోనూ అంతే, పాత వీధిలో కొత్త ఇల్లు లేచినప్పుడూ అంతే. రూపం కంటికి వెంటనే దొరుకుతుంది, నడవడిక దొరకడానికి కొన్నేళ్లు పడుతుంది. అందుకే సభల్లో రూపం గెలుస్తూ ఉంటుంది.

ఏథెన్స్‌లోని ప్రాచీన ఆలయం పార్థెనాన్ ఇందుకు కఠినమైన ఉదాహరణ. ప్రాచీన గ్రీకు శిల్పులు పాలరాతి దిమ్మెలను ఇనుప కొక్కేలతో కలిపారు, ఆ కొక్కేల చుట్టూ సీసం పోశారు. గాలి, తేమ ఇనుముకు తగలకుండా సీసం కాపాడింది. రాయి కదిలినప్పుడు అదే మెత్తగా సర్దుకుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో ఇంజనీరు నికొలావొస్ బలానొస్ నాయకత్వంలో పడిపోయిన స్తంభాలను తిరిగి నిలబెట్టినప్పుడు ఇనుము వాడారు, సీసం రక్షణ లేకుండా. కట్టడం చూడటానికి గంభీరంగా లేచి నిలిచింది. లోపల ఇనుము తుప్పు పట్టింది, తుప్పు ఉబ్బింది, రెండున్నర వేల ఏళ్లు నిలిచిన పాలరాయి దశాబ్దాల్లోనే చీలింది. 1975లో ఏర్పడిన నిపుణుల సంఘం ఆ ఇనుమంతా తీయించి టైటానియం కడ్డీలు వేయిస్తూ వచ్చింది. ఒక తరం చేసిన పునరుద్ధరణను విప్పడానికే తర్వాతి తరం జీవితకాలం సరిపోయింది.

పునరుద్ధరణ అన్న మాట మీదే పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద గొడవ నడిచింది. ఫ్రాన్స్‌లో వాస్తుశిల్పి వియొలే-ల్యు-డ్యుక్ దృష్టిలో పునరుద్ధరించడమంటే కట్టడాన్ని సంపూర్ణ రూపానికి తేవడం, చరిత్రలో ఏ క్షణంలోనూ అది ఆ రూపంలో లేకపోయినా సరే. ఇంగ్లాండ్‌లో కళావిమర్శకుడు జాన్ రస్కిన్‌కు ఆ మాటే అబద్ధంగా తోచింది. చనిపోయిన చేతుల పనిని బతికున్న చేతులు తిరిగి చేయలేవని ఆయన వాదన. ఆయన బాటలోనే కవి, రూపశిల్పి విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణకు ఒక సంఘమే పెట్టాడు. అది కోరిందల్లా రోజువారీ ఆలనాపాలనతో శిథిలతను వాయిదా వేయమనే. ఈ రెండు పక్షాల్లో ఒకదాన్ని ఎంచుకోమంటే మోరిస్ పక్షానికి మొగ్గడం సులువు. అయితే వియొలేను అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. పారిస్‌లోని నోత్రదామ్ ప్రధానాలయం మీద అందరికీ పరిచయమైన శిఖరం ఆయన 1859లో పెట్టిందే. మధ్యయుగపు శిఖరాన్ని అంతకు దశాబ్దాల ముందే దించేశారు.

2019 ఏప్రిల్ 15న ఆ శిఖరం మంటల్లో కూలింది. దాని స్థానంలో ఈ కాలపు శిఖరం పెట్టాలా, పాతదే పెట్టాలా అని ఏడాదికి పైగా వాదించుకున్నారు. గాజు కప్పులు, మేడ తోటలు, ఈత కొలనులు, రకరకాల ఊహాచిత్రాలు పత్రికలకెక్కాయి. చివరికి 2020లో వియొలే శిఖరాన్నే యథాతథంగా కట్టాలని నిర్ణయించారు. 2024 డిసెంబరులో ఆలయం తిరిగి తెరుచుకుంది. ఒకప్పుడు కల్పన అని విమర్శకు గురైనదే ఇప్పుడు కాపాడుకోవలసిన అసలు అయింది. చెప్పుకోవలసిన విశేషం ఇంకొకటి ఉంది. పైకప్పు దూలాలను మళ్లీ ఓక్ కలపతోనే, మధ్యయుగపు వడ్రంగుల పద్ధతిలో గొడ్డళ్లతో చెక్కి నిలబెట్టారు. కింద నిలబడినవారికి ఆ దూలాలు కనిపించవు. రూపం ఒక్కటే లక్ష్యమైతే ఉక్కు చట్రంతో పని అయిపోయేది. అగ్నిలో పోయింది కలప. చేతిపని మాత్రం మిగిలే ఉందని ఆ దూలాలు రుజువు చేశాయి.

జపాన్‌లోని ఇసె ఆలయం ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్తుంది. ఇరవై ఏళ్లకొకసారి ఆలయాన్ని పక్క స్థలంలో కొత్త కలపతో, పాత పద్ధతిలో తిరిగి కడతారు. చివరిసారి 2013లో కట్టారు. అక్కడి కలపకు వయసు లేదు, విద్యకు ఉంది. పాత రాయినే పవిత్రంగా భావించే ఐరోపా సూత్రాలు ఇలాంటి చోట తడబడ్డాయి. అసలుదనం అనేది పదార్థంలోనే కాదు, వాడుకలో, సంప్రదాయంలో, పనితనంలో కూడా ఉండవచ్చని 1994లో జపాన్‌లోని నారా నగరంలో నిపుణులు రూపొందించిన నారా పత్రం ఒప్పుకుంది.

అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1964లో కట్టడాల సంరక్షణ సూత్రాలతో రూపొందిన వెనిస్ ఒప్పందమే ఈనాటికీ ఈ రంగంలో ఎక్కువగా ఉదహరించే పత్రం. అందులో రెండు మాటలు పట్టుకుంటే చాలు. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలి. కొత్తగా చేర్చిన భాగం మొత్తంతో కలిసిపోవాలి, కానీ పాతదిగా నటించకూడదు. ఈ రెండో మాట చెప్పినంత సులువు కాదు. దూరం నుంచి కలిసిపోతూ దగ్గరికి వస్తే విడిపోవాలి. 1820ల తొలినాళ్లలో రోమ్‌లోని టైటస్ తోరణాన్ని బాగుచేసిన వాస్తుశిల్పి జుసెప్పె వలాదియేర్‌కు ఇది ఏ పత్రమూ లేకుండానే తట్టింది. పోయిన భాగాలను పాలరాతితో కాక ట్రావెర్టీన్ అనే సున్నపురాయితో, చెక్కడాలు లేకుండా, ఆకారం వరకే నింపాడు. వీధిలోంచి చూస్తే తోరణం నిండుగా ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే ఏది రోమన్లది, ఏది ఆయనది అన్నది ఇట్టే తెలిసిపోతుంది.

బెర్లిన్‌లోని నొయెస్ మ్యూజియం అదే పద్ధతికి మన కాలపు రూపం. రెండో ప్రపంచ యుద్ధపు బాంబులకు దెబ్బతిన్న ఆ భవనం దశాబ్దాల పాటు శిథిలంగా పడి ఉంది. వాస్తుశిల్పులు డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్, జూలియన్ హారప్ బృందాలు దాన్ని బాగుచేసి 2009లో తెరిచాయి. మిగిలిన కుడ్యచిత్రాల ముక్కలను ముక్కలుగానే ఉంచారు. కూలిన గోడలను పాత ఇటుకలు సేకరించి కట్టారు. ప్రధాన మెట్ల వరుస పాతది ఎక్కడ ఉండేదో అక్కడే, అదే ఆకృతిలో లేచింది, కాకపోతే పాలరాతి చిన్న ముక్కలు కలిపిన తెల్ల కాంక్రీటుతో, ఒక్క అలంకారం లేకుండా. పాత వైభవం యథాతథంగా తిరిగి రావాలని కోరినవారు అప్పట్లో గట్టిగానే నిరసన తెలిపారు. గాయాన్ని దాచకుండా మాన్పడం అన్న ఆలోచనను ఇంతకంటే బాగా చూపిన కట్టడాలు తక్కువ.

అయితే ఈ నిజాయితీ సూత్రాన్ని ప్రతి చోటా గుడ్డిగా పట్టుకోవడమూ పొరపాటే. 1902 జులై 14న కూలిన వెనిస్ గంటగోపురాన్ని "ఎక్కడుందో అక్కడే, ఎలా ఉందో అలాగే" అన్న నినాదంతో పదేళ్లలో తిరిగి కట్టారు. 1944లో నాజీ సేనలు పథకం ప్రకారం నేలమట్టం చేసిన పోలండ్ రాజధాని వార్సా పాతబస్తీని ప్రజలు పాత వర్ణచిత్రాలు, కొలతల పటాలు చూసి తిరిగి లేపారు. 1980లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. దౌర్జన్యంగా తుడిచేసిన దాన్ని యథాతథంగా తిరిగి రాయడం నకలు కాదు, జవాబు. వ్యాపార సముదాయానికి పాత ముసుగు తొడగడాన్ని దీనితో కలిపి ఒకే గాటన కట్టకూడదు.

ఇక పాత వీధిలో కొత్త కట్టడం సంగతి. ఇక్కడ వాదం ఎప్పుడూ శైలి మీదికే పోతుంది. గాజు వద్దు, కమానులు కావాలి అని ఒకరు, కమానులు నకిలీ, గాజే నిజాయితీ అని ఒకరు. వీధిని నిజంగా పాడుచేసేవి మాత్రం ఈ గొడవలో ఎవరి నోటా వినిపించవు. మొదటిది స్థలాల వెడల్పు. పాత నగరాల్లో వీధికి ఆనుకున్న జాగా విలువైనది, అందరికీ కాస్త ముఖద్వారం కావాలి. అందుకే స్థలాలు సన్నగా, వెనక్కి పొడుగ్గా ఉంటాయి. ఆమ్‌స్టర్‌డామ్ కాలువల ఇళ్లు అలాంటివే. ఈ సన్నని కొలత వీధికి లయ ఇస్తుంది. కొన్ని అడుగులకొక తలుపు, తలుపుకొక మనిషి, మనిషికొక వ్యాపకం. అలాంటి ఆరు స్థలాలను కలిపి ఒకే భవనం లేపితే, దానికి ఆరు రంగులు వేసి ఆరు కప్పులు పెట్టినా, తలుపు ఒకటే ఉంటుంది. మిగిలినదంతా నడిచేవాడికి గోడే. రూపం పాతది, నడవడిక గోదాముది.

ఇందుకు తిరగేసిన ఉదాహరణ స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో ఉంది. అక్కడి పాత న్యాయస్థాన భవనానికి వాస్తుశిల్పి గునార్ ఆస్‌ప్లుండ్ 1937లో పూర్తి చేసిన పొడిగింపు నాటికి ఆధునికమే. అలంకారాలు లేవు, స్తంభాల నకళ్లు లేవు. గీసిన నమూనాలను రెండు దశాబ్దాలకు పైగా చెరిపి మళ్లీ గీస్తూ ఆయన చేరుకున్న రూపం అది. పాత భవనపు స్తంభాల మధ్య దూరాన్ని కొత్త గోడ చట్రంగా కొనసాగిస్తుంది. ఆ చట్రంలో కిటికీలు నడిమధ్యన కాక కాస్త పాత భవనం వైపు జరిగి ఉంటాయి, పెద్దలు మాట్లాడుతుంటే ఆ వైపు ఒరిగి వినేవారిలా. కొత్త భవనం తలుపు కూడా పాతదానితో పోటీ పడదు. అప్పట్లో పత్రికలు విరుచుకుపడ్డాయి. ఇప్పుడు అది వాస్తుశిల్ప విద్యార్థులకు పాఠం.

తలుపు లేని ముఖం కూడా ఒక్కోసారి మర్యాదే అవుతుంది. స్పెయిన్‌లోని ముర్సియాలో అలంకారాలు నిండిన బరోక్ శైలి ముఖం ఉన్న ప్రధానాలయానికి ఎదురుగా వాస్తుశిల్పి రఫాయెల్ మొనేయో 1998లో పురపాలక భవనపు అనుబంధం కట్టాడు. ఆలయం వైపున్న రాతి ముఖంలో స్తంభాలు ఒక వరుసకూ ఇంకో వరుసకూ లయ తప్పి నిలుస్తాయి, ప్రవేశం మాత్రం పక్క నుంచి. చౌకులో ఆలయమే ప్రధాన పాత్ర, తాను ప్రేక్షకుడినని ఆ ముఖం ఒప్పుకుంటుంది. కాబట్టి వీధి తలుపు సూత్రాన్ని కూడా శాసనం చేయలేం. ప్రతి స్థలానికీ అక్కడి సంభాషణ ఏమిటో ముందు వినాలి. ఈ వినికిడి నిబంధనల పుస్తకంలో ఇమడదు. పాలకవర్గాలు నిబంధనలనే ఇష్టపడటానికి ఇదొక కారణం కావచ్చు.

వీధిని పాడుచేసే రెండోది ఎత్తు. ఆ విషయంలో మాత్రం నిబంధన పనిచేస్తుంది. పారిస్‌లో 1973లో లేచిన 210 మీటర్ల మోంపర్నాస్ గోపురం ఎంత విసుగు పుట్టించిందంటే, 1977లో నగరంలో కొత్త భవనాల ఎత్తును గరిష్ఠంగా 37 మీటర్లకు కట్టడి చేశారు. లండన్‌లో సెయింట్ పాల్స్ ప్రధానాలయపు గుమ్మటం కనిపించే దృశ్యమార్గాలను కాపాడే కట్టుబాట్లు 1930ల నుంచీ ఉన్నాయి. గుమ్మటం చుట్టూ ఆకాశహర్మ్యాలు వంకర్లు తిరుగుతూ, పక్కకు ఒరుగుతూ లేవడంలో ఆ అదృశ్య రేఖల ప్రభావమూ ఉంది.

అన్నిటికంటే చిరాకు తెప్పించే రాజీ మరొకటి ఉంది. పాత భవనపు వీధి ముఖం మాత్రం నిలిపి, వెనకనున్నదంతా కూల్చి, కొత్త అంతస్తులు పేర్చడం. నిర్మాణదారు లాభం నిర్మాణదారుకు, సంరక్షణ శాఖకు ఛాయాచిత్రం. పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు ఇంతకంటే కచ్చితమైన బొమ్మ దొరకదు. పాత అంతస్తుల ఎత్తు, కొత్త అంతస్తుల ఎత్తు సరిపోవు. అందుకని నిలువెత్తు కిటికీ మధ్యలోంచి కాంక్రీటు నేల అడ్డంగా పోతుంది. మెట్లు, పెరడు, గదికీ గదికీ మధ్య ఉన్న క్రమం అన్నీ పోయి, కాగితమంత మందంలో చరిత్ర మిగులుతుంది. దీనికంటే నిజాయితీగా కూల్చి కొత్తది కట్టడమే మేలనిపించే సందర్భాలు లేకపోలేదు.

చట్టం వైపు కథ తరచూ ఒక నష్టంతో మొదలవుతుంది. న్యూయార్క్‌లో పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్‌ను 1963లో కూల్చడం మొదలుపెట్టిన తర్వాత పుట్టిన కలవరం 1965 నాటి నగర వారసత్వ చట్టానికి ఊపునిచ్చింది. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద ఆకాశహర్మ్యం కడతామన్న యజమానుల వాదనను 1978లో ఆ దేశ సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. పైకి కట్టే హక్కును వాడుకోలేని యజమాని దాన్ని చుట్టుపక్కల స్థలాలకు బదిలీ చేసుకునే వీలు అక్కడ ఉంది. తెలివైన ఏర్పాటే. కాకపోతే పాత భవనం మీద పడాల్సిన బరువు దాని పొరుగున పడుతుంది. అలా బతికిన పాత కట్టడం చివరికి ఎత్తైన పొరుగు భవనాల నడుమ బావిలో కప్పలా మిగిలిపోయే ప్రమాదమూ ఉంది.

ప్రపంచ వారసత్వ హోదా కూడా శాశ్వత కవచం కాదు. ఎల్బే నది లోయ మధ్యలో నాలుగు వరుసల రోడ్డు వంతెన కట్టినందుకు జర్మనీలోని డ్రెస్డెన్ 2009లో ఆ హోదా పోగొట్టుకుంది. నదీతీరపు కొత్త కట్టడాల కారణంగా లివర్‌పూల్ 2021లో పోగొట్టుకుంది. డ్రెస్డెన్ ప్రజలు 2005లో ఓటు వేసి మరీ ఆ వంతెనను కోరుకున్నారు. ఎవరి వారసత్వం, ఎవరు తేల్చాలి అన్న ప్రశ్నను నిపుణుల సంఘాలు తప్పించుకోలేవు.

ఆ ప్రశ్నకు అందరికంటే ముందు సూటిగా ఎదురెళ్లిన నగరం ఇటలీలోని బొలోన్యా. 1970లలో అక్కడి పాలకులు పాత ఇళ్ల అమరికను రకాలుగా విభజించి అధ్యయనం చేసి, ఆ ఇళ్లలో ఉంటున్న కార్మిక కుటుంబాలను కూడా కాపాడవలసినవారి జాబితాలో చేర్చారు. గోడలు బాగుపడ్డాక అద్దెలు పెరిగి మనుషులు ఖాళీ అయితే మిగిలేది నాటక రంగస్థలమే అన్నది వారి లెక్క. వెనిస్ చారిత్రక ద్వీపంలో 1951లో సుమారు 1,75,000 మంది ఉండేవారు. 2022 నాటికి ఆ సంఖ్య 50,000 కంటే తగ్గింది. అక్కడ రాయి కదలలేదు, కప్పు మారలేదు. సాయంత్రం దీపాలు వెలిగే కిటికీలే తగ్గాయి.

ఇంత చర్చలోనూ నిధులు దొరకనిది ఒక్క పనికే: ఏటా వానలకు ముందు చూరు కాలువల్లో పేరుకున్న ఆకులు తీయడం. జారిన పెంకు ఒకటి కొన్నేళ్లలో దూలం చివరను కుళ్లబెడుతుంది. కుళ్లిన దూలం గోడను తోస్తుంది. అప్పటికి అది కోట్ల ఖర్చుతో కూడిన పునరుద్ధరణ పథకమై, శంకుస్థాపనకు నోచుకుంటుంది. నెదర్లాండ్స్‌లో 1973లో మొదలైన కట్టడాల కాపలా సంస్థ ఈ క్రమాన్ని మొదట్లోనే తుంచే ప్రయత్నం చేస్తోంది. యజమానులు చందా కడతారు. తనిఖీదారులు క్రమం తప్పకుండా వచ్చి కప్పు మీదికెక్కుతారు, అటకల్లోకి దూరుతారు, కాలువలు చూస్తారు. జారిన పెంకును అక్కడికక్కడే సర్దుతారు. పెద్ద పని కనిపిస్తే చేయరు, దాన్ని నివేదికలో రాసి, ఏది ఈ ఏడాది చేయాలో, ఏది ఆగగలదో యజమానికి చెప్పి నిచ్చెన దిగిపోతారు.